పసరు వాంతులు, ముట్టని నీళ్లు: పిల్లికూనల్లో పాన్‌ల్యూకోపీనియా

ప్రశ్న: మా ఇంట్లో మూడున్నర నెలల పిల్లికూన నిన్న పొద్దున నుంచి ఏమీ తినలేదు. రాత్రి ఆరేడుసార్లు పచ్చటి నురగ కక్కింది. ఈ ఉదయం నీళ్ల విరేచనం మొదలైంది. నీళ్ల గిన్నె మీదికి తల వాల్చి కూర్చుంటుంది గానీ ఒక్క చుక్క తాగదు. ఏడు వారాల వయసులో ఒక టీకా వేయించాం, తర్వాతవి కుదరలేదు. అది గడప దాటి ఎరగదు. తెలిసినవాళ్లు విషం తిని ఉంటుందని, ఉప్పునీళ్లు పట్టి కక్కించమని చెబుతున్నారు. ఒళ్లు కాలుతోంది, మనం వేసుకునే జ్వరం మాత్ర చిన్న ముక్క వేయొచ్చా? ఇంకో రెండు పిల్లులు కూడా ఉన్నాయి. ఒకటి టీకాలన్నీ పూర్తయిన ఐదేళ్ల మగపిల్లి. రెండోది ఎప్పుడూ టీకా పడని ఆడపిల్లి, ఇప్పుడు కడుపుతో ఉంది. వాటికీ అంటుతుందా?

సమాధానం: మిగతాది తర్వాత చదవచ్చు, ముందు పశువైద్యుడికి ఫోన్ చేయండి. "టీకాలు పూర్తికాని కూన, పసరు వాంతులు, నీళ్ల విరేచనాలు, పాన్‌ల్యూకోపీనియా కావచ్చు" అని ఫోన్లోనే చెప్పండి. పాన్‌ల్యూకోపీనియా అంటే పిల్లుల పేగును, తెల్ల రక్తకణాలను దెబ్బతీసే అంటు వైరస్ జబ్బు. అలా చెబితే మిగతా పిల్లులు కూర్చున్న గదిలో మిమ్మల్ని కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికి పిలుస్తారు. కూనను మూత ఉన్న పెట్టెలో, పాత తువ్వాలు పరిచి తీసుకెళ్లండి. అక్కడ నేల మీద దింపకండి. రేపటిదాకా చూద్దాం అనుకునే జబ్బు కాదిది. ఈ వయసు కూన ఒక్క రాత్రిలో చేయి దాటిపోతుంది.

ఉప్పునీళ్లు పట్టొద్దు. అసలే ఒంట్లో నీరు ఇంకిపోతున్న ప్రాణికి ఉప్పు పట్టిస్తే రక్తంలో సోడియం పెరిగి మూర్ఛలు వస్తాయి. జ్వరం మాత్ర చిన్న ముక్క కూడా వద్దు. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. అది రక్తాన్ని ఆక్సిజన్ మోయలేని స్థితికి తెస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాచిపోతుంది. వైరస్‌ను తట్టుకోగలిగిన కూన కూడా ఆ మాత్రతో పోతుంది. ఐబుప్రొఫెన్ కూడా అంతే. విరేచనాలు ఆపే మనుషుల మాత్రలూ వద్దు, ఎందుకంటే దెబ్బతిన్న పేగులో విషపదార్థం నిలవ ఉండకూడదు. సిరంజితో నోట్లోకి నీళ్లు కొట్టడం కూడా ఆపేయండి. ఎంత పోస్తే అంతకు రెట్టింపు కక్కుతుంది, నీరసంగా ఉన్న కూనకు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆస్పత్రికి చేరేలోపు మీరు చేయగలిగింది వెచ్చగా ఉంచడం. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. మెడ వాల్చేసి స్పృహ తప్పుతున్నట్టుంటే నాలుగైదు చుక్కల చక్కెర పాకం చిగుళ్లకు రుద్దండి, గొంతులో పోయకండి.

విషమేనేమో అన్న అనుమానం సహజమే. ఈ జబ్బు మరీ ఉధృతంగా వచ్చినప్పుడు పొద్దున ఆడుకున్న కూన రాత్రికి చనిపోతుంది, అందుకే చాలామంది ఎవరో విషం పెట్టారనుకుంటారు. కానీ మీరు రాసిన వరుస వేరే మాట చెబుతోంది. ముందు తిండి మానేయడం, ఒళ్లు కాలడం, తర్వాత పసరు వాంతులు, ఆ తర్వాత విరేచనాలు. అన్నిటికన్నా ఆ నీళ్ల గిన్నె సంగతి ముఖ్యం. దాహం చంపుతుంటుంది, తాగితే వికారం, అందుకే గిన్నె మీదికి తల వాల్చి కదలకుండా ఉండిపోతుంది. పాన్‌ల్యూకోపీనియాలో ఇది తరచూ కనబడుతుంది. జ్వరం 104 నుంచి 106 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. పిల్లికి మామూలు వేడి 100.5 నుంచి 102.5. కాలుతున్న ఒళ్లు ఉన్నట్టుండి చల్లబడి 100 కిందికి దిగితే జ్వరం తగ్గిందని సంతోషించకండి, కూన కూలిపోతోందని అర్థం.

ఇలాగే కనబడే ఇతర జబ్బులూ ఉన్నాయి. దారం మింగిన పిల్లి కూడా ఇలాగే కక్కుతుంది, దారం కొస నాలుక అడుగున చుట్టుకుని ఉంటుంది. వైద్యుడు నోరు తెరిచి నాలుక ఎత్తి చూడాలి. మీకు కనబడితే లాగొద్దు, పేగు తెగుతుంది. బాగా పెరిగిన నులిపురుగులు, కోక్సిడియా అనే పేగు పరాన్నజీవి, సాల్మొనెల్లా బ్యాక్టీరియా కూడా విరేచనాలు తెస్తాయి, కొన్నిసార్లు ఈ వైరస్‌కు తోడుగానే ఉంటాయి.

ఈ వైరస్ పార్వో కుటుంబానిది. 1978 ప్రాంతంలో కుక్కల్లో కొత్తగా బయటపడి ప్రపంచమంతా పాకిన పార్వో దీనికి అతి దగ్గరి చుట్టం. శరీరంలో ఎక్కడ కణాలు వేగంగా విభజన చెందుతుంటే అక్కడికే పోవడం దీని నైజం. పేగు లోపలి పొర రోజుల వ్యవధిలో కొత్తది పుడుతూ ఉంటుంది, మూలుగలో తెల్ల రక్తకణాలు ఎడతెగకుండా తయారవుతుంటాయి. ఈ రెండు చోట్లా కణాలు పుట్టే మొదటి దశలోనే తెగ్గొడుతుంది. అటు పేగు గోడ చిల్లుపడుతుంది, ఇటు ఆ చిల్లుల గుండా రక్తంలోకి దూరే బ్యాక్టీరియాను అడ్డుకునే సైన్యం ఉండదు. కూనను నేరుగా చంపేవి మూడు: నీరు, లవణాలు ఇంకిపోవడం, రక్తంలో బ్యాక్టీరియా చేరడం, గ్లూకోజ్ పడిపోవడం. వైరస్‌ను నేరుగా మట్టుబెట్టే మందు మామూలు వైద్యంలో లేదు. అయినా మూలుగ కొద్ది రోజుల్లో తిరిగి పని మొదలుపెడుతుంది. అప్పటిదాకా కూనను నిలబెట్టడమే చికిత్స. "మందు లేదట, ఏం చేసినా ఒకటే" అని చేతులెత్తేయడం పెద్ద తప్పు. ఏ వైద్యమూ అందని కూనల్లో ఎక్కువ భాగం పోతాయి, ఆస్పత్రిలో సరిగా చూసినవాటిలో దాదాపు సగం బతుకుతాయి. జబ్బు మొదలైన ఐదు రోజులు దాటిందంటే ఆశ బాగా పెరుగుతుంది.

వైద్యుణ్ణి రెండు పరీక్షలు అడగండి. ఒకటి మలం మీద చేసే పార్వో కిట్ పరీక్ష. కుక్కల కోసం తయారైన కిట్టే పిల్లి వైరస్‌నూ పట్టుకుంటుంది, పిల్లుల కిట్ లేదని ఆగనక్కర్లేదు. పావుగంటలోపే ఫలితం తెలుస్తుంది. గీత పడితే నమ్మొచ్చు. ఈమధ్యే టీకా వేసి ఉంటే సన్నటి గీత టీకా వల్ల కూడా పడవచ్చు, కానీ మీ కూనకు టీకా పడి ఏడెనిమిది వారాలైంది కాబట్టి ఆ అనుమానం లేదు. గీత పడకపోతే మాత్రం జబ్బు లేదని అనుకోకండి. మలంలో వైరస్ తక్కువగా ఉన్న రోజున కిట్ తప్పుతుంది. అందుకే రెండోదైన రక్త పరీక్ష ఇంకా ముఖ్యం. పిల్లికి తెల్లకణాలు మైక్రోలీటరుకు సుమారు 5,500 నుంచి 19,500 ఉండాలి. ఈ జబ్బులో 3,000 కిందికి దిగుతాయి, 1,000 కన్నా తగ్గితే పరిస్థితి గడ్డు. అల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్), పొటాషియం, గ్లూకోజ్ కూడా చూడాలి. తెల్లకణాల లెక్క ఒక్కసారితో సరిపోదు, రోజుకో రెండు రోజులకో మళ్లీ చూస్తేనే కూన ఎటు పోతోందో తెలుస్తుంది. మూడో రోజుకి అంకె పైకి కదిలితే అంతకన్నా మంచి కబురు లేదు.

చికిత్సలో మొదటి స్థానం సెలైన్‌ది. రక్తనాళంలోకి ఎక్కించాలి. రింగర్స్ లాక్టేట్ లాంటి ద్రవం, అవసరాన్ని బట్టి పొటాషియం, గ్లూకోజ్ కలిపి. లెక్క ఎలా ఉంటుందో తెలిస్తే అక్కడ ఏం జరుగుతోందో మీకు అర్థమవుతుంది. మీ కూన 1.2 కిలోలు ఉందనుకుందాం. మెడ మీద చర్మం పట్టి వదిలితే వెంటనే కూర్చోకుండా నెమ్మదిగా దిగుతోంది, చిగుళ్లు జిగటగా ఉన్నాయి అంటే సుమారు 8 శాతం నీరు పోయినట్టు. 1,200 గ్రాముల్లో 8 శాతం దాదాపు 100 మిల్లీలీటర్లు. ఇది పాత బాకీ. రోజువారీ అవసరం కిలోకు సుమారు 60 మిల్లీలీటర్ల చొప్పున మరో 70, చిన్న కూనలకు ఇంకాస్త ఎక్కువే కావాలి. దాని మీద వాంతుల్లో, విరేచనాల్లో ఆ రోజు పోయేది. అంటే తక్కువలో తక్కువ 200 మిల్లీలీటర్లు, ఒక్కసారిగా కాదు, గంటల తరబడి. కళ్లు లోపలికి పోయి, కాళ్లు చల్లబడితే లోటు 10 శాతం దాటినట్టే, అప్పుడు మొదటి గంటలోనే కొంత వేగంగా ఎక్కించాల్సి వస్తుంది. పొటాషియం వేగంగా పోతే గుండె ఆగుతుంది. దాన్ని కలపడం, వేగం నిర్ణయించడం పూర్తిగా వైద్యుడి చేతిలోనే ఉండాలి.

రెండోది వాంతి ఆపడం. మారోపిటెంట్ ఇంజెక్షన్ కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున రోజుకొకసారి వాడుతారు. దాన్ని చర్మం కింద వేస్తే బాగా మండుతుంది, చల్లగా ఉంటే కాస్త తక్కువ మండుతుంది. మీ కూన వయసుకు అది సరేనా, ఒండాన్‌సెట్రాన్ వాడాలా అన్నది వైద్యుడు చూస్తారు. మూడోది యాంటీబయాటిక్. వైరస్ మీద పనిచేయదు కదా ఎందుకని అడుగుతారు. చిల్లుపడిన పేగు నుంచి రక్తంలోకి దూరే బ్యాక్టీరియా కోసం. ఇంజెక్షన్ రూపంలోనే ఇవ్వాలి, మాత్రలు కక్కేస్తుంది, కక్కకపోయినా ఆ పేగు పీల్చుకోలేదు. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటివాటితో మొదలుపెట్టడం మామూలు. జెంటామైసిన్ తరహా మందులు ఒంట్లో నీరు లేనప్పుడు ఇస్తే మూత్రపిండాలను తినేస్తాయి, ముందు సెలైన్ పడాలి. ఎన్రోఫ్లోక్సాసిన్ రోజుకు కిలోకు 5 మిల్లీగ్రాములు దాటితే పిల్లి చూపు పోయే ప్రమాదం ఉంది. ఈ రెండు మాటలు వైద్యుడితో మర్యాదగా ప్రస్తావించడంలో తప్పులేదు. అల్బుమిన్ బాగా పడిపోతే ప్లాస్మా గానీ రక్తం గానీ ఎక్కించాల్సి రావచ్చు.

తిండి విషయంలో పాత అలవాటు ఒకటి ఇంకా పోలేదు. పేగుకు విశ్రాంతి అంటూ రెండు రోజులు కడుపు మాడ్చేవారు. పేగు గోడ కణాలు ఆహారం నుంచే శక్తి తీసుకుని తిరిగి పెరుగుతాయి కాబట్టి వాంతులు అదుపులోకి రాగానే తిండి మొదలుపెట్టాలి. 1.2 కిలోల కూనకు కదలకుండా పడుకున్నా రోజుకు దాదాపు 80 కిలోకేలరీలు కావాలి. మొదటి రోజు అందులో మూడో వంతు చాలు, రెండు మూడు గంటలకోసారి చెంచాడు చెంచాడుగా, గోరువెచ్చగా. కోలుకునే పిల్లుల కోసం తయారుచేసే మెత్తటి డబ్బా ఆహారం మేలు. లేదా ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏదీ లేకుండా ఉడికించి మెత్తగా నలిపిన చికెన్. పాలు వద్దు, విరేచనం ఎక్కువవుతుంది. తనంతట తినకపోతే నోరు తెరిచి కుక్కకండి. వికారంలో బలవంతంగా పెట్టిన తిండిని పిల్లి తర్వాత వారాలపాటు ముట్టదు. ముక్కు ద్వారా అన్నవాహికలోకి సన్నటి గొట్టం వేయించమని అడగండి, మత్తు లేకుండానే వేయొచ్చు.

ఆస్పత్రిలో ఉంచే అవకాశం ఏ దారినా లేకపోతే, రోజుకు రెండుసార్లు తీసుకెళ్లి చర్మం కింద సెలైన్, వాంతుల ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకు రావడం రెండో దారి. మొదటిదానికి ఇది సాటి రాదు, ఏమీ చేయకపోవడం కన్నా మాత్రం చాలా మెరుగు. ఒక్కో చోట కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు పడతాయి, ద్రవాన్ని ఒంటి వేడికి తెచ్చి ఎక్కించాలి. గ్లూకోజ్ ద్రావణం చర్మం కింద ఎక్కించకూడదు. చర్మం కింద ఉబ్బు గంటల తర్వాత కూడా అలాగే ఉందంటే రక్తప్రసరణ మందగించి ద్రవం పీల్చుకోవడం లేదని అర్థం. అప్పుడిక ఇంట్లో ఉంచడం కుదరదు.

గడప దాటని కూనకు ఇది ఎలా అంటిందని మీకు అనిపిస్తుంది. మీ చెప్పుల మీద, బట్టల మీద, చేతుల మీద వచ్చి ఉండవచ్చు. జబ్బు పిల్లి మలం ఎక్కడ పడినా వైరస్ గది వాతావరణంలో ఏడాది దాకా బతికే ఉంటుంది. కొవ్వు పొర లేని వైరస్ కనుక సబ్బుకు, స్పిరిట్‌కు, చేతికి రాసుకునే శానిటైజర్‌కు లొంగదు. సబ్బుతో చేతులు కడగడం వల్ల అది చావదు, నీటితో పాటు కొట్టుకుపోతుంది. అది కూడా అవసరమే. దీన్ని చంపేది బ్లీచ్. 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న ద్రవం లీటరు నీటికి 30 మిల్లీలీటర్లు కలపండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: మలం మరక మీద నేరుగా బ్లీచ్ పోస్తారు. మురికి ఉన్నంతసేపు బ్లీచ్ దానితోనే ఖర్చయిపోతుంది, వైరస్ మిగిలిపోతుంది. ముందు సబ్బు నీటితో పూర్తిగా తుడిచి, కడిగి, ఆ తర్వాత బ్లీచ్ నీళ్లు పోసి 10 నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, అప్పుడు మంచినీళ్లతో కడగాలి. ఏ రోజుది ఆ రోజే కలపండి, నిలవ నీటికి బలం ఉండదు. మూత్రం మీద గానీ ఆమ్లంతో గానీ కలిస్తే విషవాయువు పుడుతుంది, కిటికీలు తెరిచి ఉంచండి. నీటిలో కలిపితే పాలలా తెల్లబడే ఫినాయిల్ తరహా ద్రవాలు ఇల్లంతా పోస్తే పని జరగదు, పైగా ఆ ఫినాల్ మందులు పిల్లికి విషం. తివాచీ, అట్టపెట్టెలు, చెక్క సామాను, గోళ్లు గీకే స్తంభం బ్లీచ్‌కు లొంగవు, పారేయడమే మేలు.

ఇప్పుడు మిగతా రెండు పిల్లుల సంగతి. కూనను వేరే గదిలో పెట్టండి, దాని గిన్నెలు, ఇసుక ట్రే, మీరు వేసుకునే పాత చొక్కా, చెప్పులు అన్నీ ఆ గదికే. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి తిండి పెట్టి, చివర కూన దగ్గరికి వెళ్లండి, ఈ క్రమం ఎప్పుడూ తిరగెయ్యొద్దు. టీకాలు పూర్తయిన మగపిల్లికి దాదాపు భయం లేదు. కడుపుతో ఉన్నది మాత్రం పెద్ద చిక్కు. దానికి బతికున్న వైరస్‌తో చేసిన టీకా వేయకూడదు, ఆ టీకా వైరసే గర్భంలోని కూనలను దెబ్బతీస్తుంది. చంపిన వైరస్ టీకా గానీ, ఈ జబ్బుకు రోగనిరోధక శక్తి ఉన్న పిల్లి రక్తం నుంచి తీసిన సీరం గానీ అందుబాటులో ఉంటే వెంటనే వైద్యుడితో మాట్లాడండి. జబ్బు బయటపడటానికి 2 నుంచి 10 రోజులు పడుతుంది, కాబట్టి రెండు వారాలపాటు రోజుకు రెండుసార్లు జ్వరం చూసి రాసుకోండి. తిండి వద్దన్న మొదటి పూటే బయలుదేరాలి, వాంతి కోసం ఎదురుచూడొద్దు. కూన బతికితే ఆరు వారాల దాకా మలంలో వైరస్ విడుస్తూ ఉండవచ్చు, కాబట్టి గది వేరుగా ఉంచడం అప్పటిదాకా కొనసాగాలి. మళ్లీ ఈ జబ్బు దానికి రాదు. మీకు గానీ, ఇంట్లో పిల్లలకు గానీ ఇది అంటదు.

టీకా వేయించినా ఎందుకు వచ్చిందన్నదానికి జవాబు ఆ ఒక్క టీకాలోనే ఉంది. తల్లి ముర్రుపాల నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు ఏడు వారాల వయసులో ఇంకా ఒంట్లో ఉంటే అవి టీకా వైరస్‌నూ పనిచేయనివ్వవు. అవి ఎప్పుడు అడుగంటుతాయో ఒక్కో కూనకు ఒక్కోలా ఉంటుంది. అందుకే 6-8 వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాల వయసు దాటేదాకా వేస్తూ పోవాలి. ఆరు నెలల వయసులోనో ఏడాది వయసులోనో ఒకటి, ఆ తర్వాత మూడేళ్లకోసారి. కొత్త కూనను ఈ ఇంటికి కనీసం ఏడాదిపాటు తేవద్దు. తప్పనిసరైతే ఆ వరుస పూర్తయి, చివరి టీకా పడి రెండు వారాలైన పిల్లినే తేవాలి.

ఆడపిల్లి ఈనాక కూనలను రెండు మూడు వారాల వయసులో, నడక మొదలైనప్పుడు గమనించండి. గర్భంలో వైరస్ సోకి ఉంటే నడకను, ఒంటి అదుపును చూసుకునే చిన్న మెదడు అనే భాగం సరిగా ఎదగదు. కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నడుస్తాయి, తిండి వైపు వంగినప్పుడు తల వణుకుతుంది. చూసి కంగారుపడి వాటిని వదిలించుకోవద్దు. ఈ వణుకు వయసుతో పెరగదు, నొప్పి ఉండదు, తిని ఆడుకుని నిండా బతుకుతాయి. అంచు తక్కువగా ఉన్న ఇసుక ట్రే, బరువైన గిన్నె, జారని గచ్చు ఏర్పాటు చేయండి, మెట్ల దగ్గర, ఎత్తుల దగ్గర అడ్డు పెట్టండి.